సైగల బడి

డోన్‌లో ఒక విదేశీ సంస్థ సాయంతో వినపడని పిల్లలకు సైగల బడి నడిచేది; ఈమధ్యే మూతపడింది. అది ఎలా పనిచేసిందో చూసి రమ్మని కర్నూలు నుంచి శివకుమారిని పంపారు. ఆ బడికి పోయిన ఒక పాప తల్లి ఫిరోజా. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని శివకుమారి మొదటి ప్రశ్న అడిగింది.

"బడికి పోయినాక మీ పాపలో మార్పు కనిపించిందా అమ్మా?"

"శానా కనిపించింది మేడం. ముందు ఆకలైనా, కడుపు నొచ్చినా ఏడుపొకటే. ఇప్పుడు ఏం గావల్లన్నా చేతులతో చెప్తాది. మొన్న వాళ్ల అబ్బా మీసాన్ని ఎగతాళి గూడా చేసింది."

"మీరూ నేర్చుకున్నారా?"

"ఏదో కొంచెం. టీచరమ్మ ఆదివారాలు మాకూ నేర్పిస్తాండె. మేడం, మీరు బాగ రాస్తే బడి మళ్లా తెరుస్తారంట గదా?"

శివకుమారి తల దించుకుంది. "లేదమ్మా. ఆ విదేశీ సంస్థ వాళ్లు సాయం ఆపేశారు. నేనేం రాసినా తెరవరు."

"మరి మిమ్మల్ని ఎందుకు పంపినారు?"

"బడి వల్ల మేలు జరిగిందో లేదో తెలుసుకోవడానికి."

"జరిగింది గదా మేడం!"

శివకుమారి ఆ మాట రాసుకుంది. ఇంతలో పాప లోపలి నుంచి వచ్చి, ఆమెను చూపిస్తూ తల్లి ముందు గబగబా చేతులు ఆడించింది.

"ఏమంటోంది?"

"మీరు కొత్త టీచరమ్మా అని అడుగుతాండాది."

"కాదని చెప్పండి."

"కాదని చెప్పొచ్చు మేడం. ఇంక ఎవరూ రారని ఎట్ల చెప్పల్లో నాకు రాదు. మీకొస్తాదా?"

రాదన్నట్టు శివకుమారి తల అడ్డంగా ఊపింది. పాప అది చూసి, ఎత్తిన చేతులు మెల్లగా దించేసింది.