ఎర్రదారం కట్టిన సీసా

“అమ్మమ్మా, కారుకు సైలెన్సర్ పైపు మార్పిస్తున్న. పెద్ద పైపు ఏపిస్తే పికప్ పెరుగుతదంట, పెట్రోల్ సుత తక్కువ తాగుతదంట. తాత ఉంటే ఏమంటుండె?”

మీ తాతనా? ముందుగాల బండెనుక గొంతుకూసొని, పొగొచ్చే కాడ అరచెయ్యి పెడుతుండె. గట్లనే కండ్లు మూసుకుంటుండె, నాడి చూస్తున్నట్టు. నేను ఎన్నిసార్లు నవ్విన్నో. ఆ చెయ్యి ఎప్పుడూ నల్లగనే ఉంటుండె బిడ్డా, సబ్బేసి తోమినా పోకపోతుండె. అన్నం కలిపేటప్పుడు... ఇగో, యాడికో పోతున్న.

మా సైలెన్సర్ల షాపు అమీర్‌పేటల, గిప్పుడు నీ దోస్తు ఉండే హాస్టల్ లేదా, గా గల్లీలనే. ఎదురుంగ కాదు, జర ఈ పక్కకు. ముందు రేకుల షెడ్డు, ఎనుక మేముండే ఒక్క రూము. మీ అమ్మ ఇంకా పుట్టలే. నా పెండ్లై రెండేండ్లు... మూడేమో. పెట్రోలు గప్పుడు ఏడో ఎనిమిదో రూపాయలు. గంతకే అందరు లబోదిబోమంటుండ్రి.

పైపు మార్చినంక బండి పెట్రోల్ తక్కువ తాగుతుందా, ఎక్కువ తాగుతుందా ఎట్ల తెలుస్తది చెప్పు? గిప్పటి లెక్క మీటర్లు లెవ్వు. మీ తాత దగ్గర ఒక క్వార్టర్ సీసా ఉండె. తాగేటోడు కాదు, ఎక్కడికెళ్లో తెచ్చిండు. దాని మెడ కింద ఎర్రదారం కట్టిండు. దారం దాకా పెట్రోలు నింపి, రబ్బరు పైపు పెట్టి, ఆ పైపును కిటికీల కెళ్లి ఇంజనుకు ఇస్తుండె. ముందు సీట్ల ఒకరు కూసొని సీసా పైకెత్తి పట్టుకోవాలె. ఆ ఒకరు నేనే. గిప్పుడు గట్ల చేస్తే పోలీసోళ్లు ఇద్దర్నీ తీసుకపోతరు. మాకు ఎరుక లేదు, భయం లేదు.

పాత పైపుతోని ఒకసారి, కొత్త పైపుతోని ఒకసారి. రెండుసార్లూ అమీర్‌పేట కెళ్లి పంజాగుట్ట దిక్కు పోవుడే. పెట్రోలు అయిపోయి బండి ఏడ ఆగితే ఆడ లెక్క. సీసా అబద్ధం చెప్పదు అంటుండె మీ తాత. గదే ఆయన పేరు బిడ్డా. డ్రైవర్లు ఆ మాట మీదనే వస్తుండ్రి.

పొద్దున పొద్దున, రోడ్డు మీద మనుషులే తక్కువ. కిటికీల కెళ్లి సల్లటి గాలి. సీసాల పెట్రోలు ఊగుతుంటే ఎండ పడి మెరుస్తుండె. నాకు కారంటే గదే. మంది కార్లు, సీసాడు దూరం. అయినా నేను మంచి చీర కట్టుకొని కూసుంటుంటి. మీ తాత ఒక్కసారి సుత నవ్వలే దానికి. ప్రతిసారీ పంజాగుట్ట చౌరస్తా ఇంకా కనబడకముందే, ఒక ఇరానీ హోటల్‌కు జర ఇటో అటో, బండి దగ్గుకుంట ఆగిపోతుండె. నాకు మనసుల ఒక్కటే ఉండె. ఒక్కసారన్నా కార్ల కూసొని ఆ చౌరస్తా చుట్టు తిరిగి రావాలె. ఆడ ఏమున్నదంటవా? ఏం లేదు. తిరగాలె, గంతే.

అప్పుడు యాదగిరి అని ఒక టాక్సీ డ్రైవర్, నల్ల-పసుపు ఫియట్. నీ లెక్కనే వచ్చిండు, అన్నా పెద్ద పైపు ఎయ్యి, పికప్ రావాలె, పెట్రోల్ మిగలాలె అని. పాత పైపుతోని పోయినం, ఇరానీ హోటల్ కాడ ఆగింది. ఇంత లావు కొత్త పైపు మీ తాత ఎక్కిచ్చిండు. రెండోసారికి సీసా నింపేది నేనే. ఏం చెప్పాలె బిడ్డా, దారాన్ని ఒక వేలంత మీదికి జరిపిన. గింతే. మీ తాత చూడలే.

బండి చౌరస్తా దాకా వచ్చింది. తిరగకముందే ఆగింది గానీ, వచ్చింది. మీ తాత స్టీరింగు మీద కొట్టి నవ్విండు. యాదగిరి ఆ ముచ్చట స్టాండు మొత్తం చెప్పిండు.

పది దినాలకు మళ్ల వచ్చిండు యాదగిరి. లొల్లి చెయ్యలే, చేసినా బాగుండు. బంజారాహిల్స్ ఎత్తు నలుగురితోని ఎక్కుతలేదు, పెట్రోల్ సుత ఎక్కువనే తాగుతుంది, నీ మాట నమ్మిన కదన్నా అన్నడు. మీ తాతేమో, “సీసా తప్పు కాదు, నా పనితనమే తప్పు” అనుకున్నడు. మూడు దినాలు ఆ బండి కిందనే పన్నడు. అది విప్పుడు, ఇది విప్పుడు. నిద్ర లేదు, తిండి లేదు.

నాలుగో దినం ఆయన ముద్ద నోట్ల పెట్టుకునేటప్పుడు చెప్పేసిన. ముద్ద ఆపి, “ఎంత జరిపినవు?” అన్నడు. వేలు చూపెట్టిన. ఎందుకని అడిగిండు. చౌరస్తా తిరగాలని అన్న. అన్నం తిని, చెయ్యి కడుక్కొని పోయిండు. తిట్టినా తట్టుకుందును బిడ్డా. ఆ రాత్రి మస్తు ఏడ్చిన.

యాదగిరికేమో, “లెక్క తప్పింది నేనే” అని మీ తాత చెప్పిండు. నా పేరు తియ్యలే. లావు పైపు ఊడవీకి, బండికి సరిపొయ్యేదే తెచ్చిండు. అప్పుడు తెలిసింది ఆయనకు, పొగ ఉరుక్కుంట బయటికి పోవాలె. ఇరుకైతే ఊపిరాడదు, మరీ ఎడల్పైతే పొగ ఉరుకుడు మెల్లగైతది. పాత పైపు ఎవరో సుత్తెతోని వంచిండ్రు, మలుపుల కాడ నొక్కుకపోయింది. ఈసారి పైపు నిండ ఎండిన ఇసుక కూరి, రెండు దిక్కులా మూసి, ఎర్రగ కాల్చి నిదానంగ వంచిండు. ఒక్క సొట్ట లేదు. ఇప్పటిదాకా నా కండ్ల ముంగట ఉన్నది ఆ మలుపు.

తెల్లారి సీసాకు దారం ఆయననే కట్టిండు, నన్ను రమ్మన్నడు. నేను పాత చీరనే కట్టుకొని పోయిన, సిగ్గుతోని. బండి ఇరానీ హోటల్ దాటింది. దాటి, ఓ యాభై అడుగులు పోయి ఆగింది. యాభై అడుగులే. ఆయన దిగి, అడుగులు లెక్కపెట్టుకుంట ఎనుకకు నడిచి వచ్చిండు. మొఖం ఎలిగిపోతుంది. ఇది నిజం అన్నడు.

ఇగ తోసుకపోవుడే అనుకున్న. సీటు కింద కెళ్లి ఇంకో సీసా తీసిండు. నిండుగ ఉన్నది, దారం లేదు.

“ఇది లెక్కల లేదు. ఇది నీది” అన్నడు.

ఎన్ని చుట్లు తిరిగినమో... మూడా? నేను సీసా పట్టుకొని ఉన్న, చెయ్యి గుంజుతుంది, దించబుద్ధి కాలే.

ఆఁ, నీ పైపు. మరీ పెద్దది ఎయ్యనియ్యకు. మలుపులు చూడు, సొట్టలుంటే వద్దను. ఇప్పటి బండ్లకు పొగను సాఫ్ చేసే డబ్బా ఉంటదట, అది తీస్తమంటే అస్సలు ఒప్పుకోకు. నిజం చెప్పే మేస్త్రీని పట్టుకో, అది ముఖ్యం.

అయినంక నన్ను ఒకసారి ఎక్కించుకో. ఫ్లైఓవర్ మీదికెళ్లి పోకు బిడ్డా, కిందికెళ్లి పో. చౌరస్తా కనబడాలె నాకు. సల్లగుండు. నీకు సుత గసొంటోడు... సరేగాని, మంచి చీర ఏదన్న తీసి పెట్టు.