కుక్కల గుంజలు

కుళ్లిన నేలచెక్కలు పీకాలి, గోడలు నిలబెట్టాలి, చలి దిగేలోపు పొయ్యి పెట్టాలి. వసంతంలో గడ్డకట్టిన యూకాన్ నది పగిలి, మంచుగడ్డలతో వచ్చిన వరద ఊడ్చేసిన ఊళ్లో, సాయానికి వచ్చిన వడ్రంగి ఒక ముసలమ్మతో మాట్లాడుతున్నాడు.

“ముందు తలుపు బిగించనా, అవ్వా?”

“ముందు మా మంచుబండి లాగే కుక్కలకి గుంజలు పాతు నాయనా.”

“నీకంటే వాటికే తొందరా?”

“నన్ను పడవెక్కించి, వాటిని విప్పడానికి వెనక్కెళ్లాడు మా ఆయన సైలస్. అన్నీ గొలుసులే. ఒక్కో కొక్కెం తీసేసరికి నీళ్లొచ్చేశాయి. కుక్కలన్నీ గుట్టెక్కాయి.”

“ఆయన?”

“వాటికి ఈతొచ్చు. ఆ మొండోడికి రాదు.”

“...కొత్త గొలుసులు తెప్పించనా?”

“వద్దు. తాళ్లు కట్టు. ఒక్క కత్తివేటుకి తెగిపోవాలి.”

“తాళ్లయితే కొరికేస్తాయి కదవ్వా?”

“కొరకనీ.”

ఆ ఒడ్డున తాళ్లతో కట్టిన కుక్కలు కనిపిస్తే, సైలస్‌ను ఒక్కసారి తలుచుకోండి.