గుట్ట రాజన్న నడుము కొలత

ఏంది బిడ్డా, గుట్ట మీది రాజన్న నిజంగ పెరుగుతుండా అని ఈ తోమాసు తాతను అడుగుతున్నవా? బాగున్నది. ఆదివారం ఆదివారం చర్చికి పోయెటోన్ని పట్టుకొని శివుని సంగతి అడుగుడు. కూసో, కూసో, ఉత్తగ నవ్విన. అడుగవలసినోన్నే అడిగినవు తీ. స్వామిని ఏటేట కొలిచినోడు మీ ముత్తాత సిద్దిరాములే, వాళ్ళ ఇంటికి మా ఇంటికి నడుమ ఒక్కటే గోడ. నేను మామా అనేటోన్ని. వావి లేదు వరుస లేదు, వాళ్ళు మగ్గమోళ్ళు, మేం మిషనోళ్ళం, అయినా మామా అంటే మగ్గం గుంతలకెళ్ళి "ఏందిరా అల్లుడా" అని పలికెటోడు. మనిషి వెదురు బద్దోలె సన్నగ, మీసాలు మాత్రం మనిషికి మించినయి. ఇప్పుడేడియి గసొంటి మీసాలు? మీ బాపుకు పెదవి మీద చీమలు పారినట్టున్నయి. ఏం చెప్తున్న? ఆ, కొలుసుడు.

స్వామి మొదట్ల బొటనేలంతనే ఉండెనట. మేకలు కాసే గంగయ్య అనేటోడు ఆ రాయి మీద కొడవలి నూరితే పాలు కారినయట. పాలు కారినయో, ఎండకు వాని కండ్లే తిరిగినయో, ఎవడు సూసిండు. అప్పటి సంది స్వామి పెరుగుతనే ఉండు, నెత్తి గుడి కప్పుకు తాకిననాడు లోకం మునుగుతది అని ఊరంత నమ్మకం. శివరాత్రి పొద్దుగాల మీ ముత్తాత తానం జేసి, నిరుటి దారం పట్టుకొని గుట్టెక్కెటోడు. నిరుడు స్వామి నడుముకు సుట్టి, కొసకు కొస కలిపి తెంపిన నూలు దారమన్నట్టు. ఈ ఏడు సుట్టితే కొసలు కలువయి. ఒక ఏడు బెత్తెడు ఎడం, ఒక ఏడు జానెడు. "పెరిగిండో!" అని కేకేస్తే కిందూరికి ఇనవడేది, డప్పులు మోగేటియి. మళ్ళ కొత్త దారం కొలిచి తెంపి, ఇంట్ల చిలక్కొయ్యకు ఏడాది దాక ఏలాడదీసెటోడు. మరి గా లెక్కన స్వామి నన్ను కన్న మా అవ్వ పెండ్లినాటికే గుడి పట్టకపోవాలె గద? ఎవ్వలు అడుగలే. అసలు తమాష ఏందంటే, స్వామికి కట్టే శెల్ల నేసేటోడు గుడ మామనే. ఏటేట అదే కొలత, ఏటేట సక్కగ సరిపోతది. "గదేంది మామా, పెరిగినోనికి పాత కొలత సరిపోవుడేంది" అంటే, "స్వామి సర్దుకుంటడురా, మన లెక్కనా?" అనెటోడు. అంత నేర్పరికి ఆ ఒక్క ముచ్చట ఎన్నడు తట్టలే.

సంగతంత మీ ముత్తవ్వ దేవవ్వ కత్తెరల ఉన్నది. ఊర్ల ఏ పోరనికి జరమొచ్చినా, తల్లి మెల్లగ ఎనుక దర్వాజకు వచ్చేది. "దేవక్కా, స్వామిని తాకిన దారం జర ఇయ్యవా?" దేవవ్వత్తది మెత్తటి పానం. కొయ్య మీది దారం కొసకు వేలెడు కత్తిరించి, ఇంకో పోగుకు ముడేసి, పోరని చేతికి కట్టేది. మొగోళ్ళకు చెప్పద్దని ఒట్టు. ఊర్ల ఆడోళ్ళందరికి ఎరుకే, ఒక్క మొగోనికి ఎరుకలే! నాకు గుడ కట్టినరు. మా అవ్వ ఎలీసబెతు మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటనే, గోడవతల నుంచి ముక్క తెచ్చి నా మొలతాడుకు కట్టింది, పాస్టరయ్యకు కానరాకుంట. "ఏసయ్యా, బాగ చేసెటోనివి నువ్వే, ఈయన జర తోడుంటడు" అన్నదట. నవ్వకు. లేసి తిరిగిన గద నేను!

ఇగ ఒక ఏడు ఏమైందంటే, శివరాత్రినాడు దారం సుట్టితే కొసకు కొస కలిసింది. మామ మళ్ళ సుట్టిండు. మళ్ళ కలిసింది. డప్పులోళ్ళు కట్టెలు లేపినోళ్ళు లేపినట్టే నిలవడ్డరు. పూజ చేసే జంగమయ్య మొకం తెల్లగయ్యింది. స్వామి అలిగిండు, ఇగ వానలు రావని అప్పుడే ఒకడు మొదలువెట్టిండు. మామ గుట్ట దిగి వచ్చి మగ్గం గుంతల కూసున్నడు. నెయ్యలే, తినలే. "నా చెయ్యికే దోషమొచ్చిందే, ఇగ ఈ దారం ఇంకోడు పట్టాలె" అని ఒక్కటే మాట. చిన్నపోరని లెక్క ఏడిసిండట. అత్త గోడ కాడికొచ్చి, "ఎలీసబెతక్కా, చెప్తే ఆయన నమ్మకం పోతది, చెప్పకుంటే మనిషే పోయేటట్టున్నడు, ఏం చెయ్యాలె?" అన్నది. మా అవ్వ, "అబద్ధం మా దేవునికి పడది, మీ దేవునికి పడది, పోయి చెప్పు" అన్నది. అని తను గోడకు చెవి ఆనిచ్చి నిలవడ్డది, అది వేరే ముచ్చట.

అత్త గంజి ముందల వెట్టి, కత్తెర పక్కకు వెట్టి అంత చెప్పింది. "ఏటేట పెరిగింది స్వామి గాదయ్యా, పోరగాండ్ల జరాలు. ఈ ఏడు మనూర్ల ఒక్క పోరనికన్న ఒళ్ళు కాలలే. నేను కత్తెర ముట్టలే. గందుకే దారం పొట్టిగాలే." మామ, "మరి దారం కట్టినంక తగ్గినయా జరాలు?" అన్నడట. "తగ్గినయి." "అందరికా?" "అందరికి." "పక్కింటి తోమాసుగానికి గుడనా?" "వానికి గుడ." ఇగ సూడు, గుంతలకెళ్ళి నవ్వుడు మొదలువెట్టిండు, మా ఇంట్ల గిన్నెలు కదిలినయి. "అయితే పెరిగినట్టే గదనే పిచ్చిదానా!" అన్నడు. గంజి మొత్తం తాగిండు. అప్పటి సంది గుట్ట దిగంగనే కొత్త దారం తెచ్చి అత్త చేతులనే వెట్టెటోడు. "ఇగో, పెంచు" అనెటోడు.

ముసలితనంల మామ మంచాన పడ్డప్పుడు అత్త వేలెడు కత్తిరియ్యలే. కత్తెరే తియ్యలే. దారమంత తెచ్చి ఆయన చేతికి సుట్టుకుంట పోయింది, మోచెయ్యి దాక. నేను ఆడనే ఉన్న. మామ కండ్లు తెరిసి, "గంత సుట్టితే వచ్చే ఏడు స్వామి నెత్తి కప్పుకు తాకుతదే" అన్నడు. అందరం నవ్వినం. ఆయన గుడ నవ్విండు. దారం ఆయన చేతికే ఉండిపోయింది, ఆయనతోనే పోయింది. మరుసటి శివరాత్రికి కొలుసుటానికి నిరుటి దారం లేదు. అటెంక ఎవ్వలు కొలువలే. గని ఆ ఏడు స్వామి ఎన్నడు పెరుగనంత పెరిగి ఉంటడు బిడ్డా.

ఆఁ... కండ్లు తడిసినయా? ఏం లేదు. ఈ మా కోడలు వనజ ఛాయ్‌ల చక్కెర మస్తు పోసింది, సూసినవా?