చివరి చాప

జమ్మలమడుగు దగ్గరి ఆ పల్లెలో, ఆదివారం ఆరాధనకు ముందు గుడిలో చాపలు దులుపుతుంటే చివరి చాప కింద వేటకొడవలి బయటపడింది. అప్పటికి లోపల పాస్టరు, సంఘపెద్ద ఇద్దరే ఉన్నారు.

"చూసినారా అయ్యగారూ? ఎదుటి పార్టీ ఊరోణ్ణి రానిస్తే ఇంతే. ఇది చెన్నయ్యదే. పోయిన వారం పెట్టిపోయింటాడు."

"ఆయప్ప వచ్చేది ప్రార్థనకు గదా మామా."

"మా తమ్ముణ్ణి నరికినోళ్లు గూడా పెండ్లికని చెప్పే వచ్చినారు. గంట కొట్టకముందే ఆయప్పను వాకిట్లోనే నిలేసి పంపించండి. ఆడోళ్లు, పిల్లోళ్లు వచ్చే యాళయింది."

"ఇయ్యాల లోపలికి పిలిచి నీ పక్కన కూర్చోబెడతానని అందరి ముందర చెప్పినా గదా."

"కొడవలి చూసినాక గూడానా?"

"ఇది ఆయప్ప కూర్చునే చాపేనా?"

"అదే. వెనకాలదే గదా."

"నాలుగు వారాల నుంచి వస్తాండాడు. ఏ వారం కూర్చున్నాడు దాని మీద?"

"ఏదో ఒక వారం. నాకేం గుర్తు?"

"నాకు గుర్తుంది. మొదటి వారం గడప కాడికి రాంగానే మనోళ్లు చాప చుట్టేసినారు. అప్పటినుంచి వాకిలి బయట, చెప్పుల పక్కన గచ్చు మీదే కూర్చుంటాండాడు. లోపలికి అడుగే పెట్టనోడు చాప కింద ఎట్లా దాస్తాడు?"

"అయ్యగారూ, అదో, ఆయప్ప వస్తాండాడు."

"రానీ. కొడవలి ఎవరిది మామా?"

"మా తమ్మునిది. నేనే పెట్టినా. నరికినోళ్లలో చెన్నయ్య లేడని నాకు తెలుసు. అయినా ఆ ఊరోణ్ణి పక్కన పెట్టుకొని, కండ్లు మూసుకొని ప్రార్థన చేయాలంటే నాకు భయం అయ్యగారూ."