ఒక్క ఇంటికి నాలుగు బళ్ళు

అట్లాంటాలో ఓ పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. పట్టపగలే తలుపుకి గొలుసు వేయించి, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని, పక్కింటి లువీనియా వంటగదిలో నక్కి కూర్చుంది కెటూరా.

"సిస్టర్ లువీనియా, ఆ కర్టెన్ వదిలెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

"తాటాకు చప్పుళ్ళకి బెదిరే కుందేలువటే నువ్వు? కింద ఉన్నవి బళ్ళేగా."

"షెరిఫ్ బళ్ళు! కోర్టు తీర్పిస్తే ఇళ్ళు ఖాళీ చేయించేది వాళ్ళేగా!"

"షెరిఫ్‌ది ఒకటే. తక్కిన మూడూ సామాన్లవి. తిను, అలసందలు చల్లారిపోతున్నాయి."

"నాకు భయమేస్తోంది. నా కోసమే వచ్చారు. ఊళ్ళో కౌంటీ కోర్టు నుంచి కేంద్రం వాళ్ళ ఫెడరల్ కోర్టుకి నేను మార్పించుకున్న కేసుని వెనక్కి పంపేశారు. పొద్దున్నే కబురొచ్చింది."

"వెనక్కా? పిల్లలున్నారని ఇల్లు ఖాళీ చేయించకూడదని వాళ్ళ చట్టమేగా చెప్పింది? మరి ఈ కొత్త ఓనరు పిల్లలున్న కొంపలన్నిటికీ నోటీసులిచ్చాడాయె."

"చట్టం ఉందిట. కానీ అది నేను చెప్పుకునే జవాబుట. ఓనరు వేసిన దావాలో దాని ఊసే లేదుట. ఆయన అడిగింది ఇల్లు ఖాళీ చెయ్యమని, అది కౌంటీ కోర్టు పని. దావాలో ఏముందో చూస్తాం గానీ నీ జవాబుని చూసి కేసు తీసుకోం అన్నాడు జడ్జి."

"అంటే నువ్వు అబద్ధమాడావనా?"

"అబద్ధమనలేదు. నిజమైనా సరే, అక్కడే చెప్పుకో, మా గుమ్మంలో కాదు అని."

"అయితే అక్కడే చెప్పుకో. వాయిదా ఎప్పుడు?"

"ఇంకా వెయ్యలేదు."

"వాయిదానే వెయ్యకపోతే షెరిఫ్ నీ కోసం ఎందుకొస్తాడే, పిచ్చిమొహమా?"

"అవును కదూ... అమ్మయ్య."

"తిను మరి."

"మరి ఎవరి కోసం వచ్చినట్టు? సిస్టర్... మీ కేసు ఏమైంది?"

"రొట్టె ఇంకో ముక్క వెయ్యనా?"

"మీ కేసు!"

"నాకేం? మనవలున్నారని నాకూ నోటీసిచ్చాడు, నువ్వు రాసినట్టే నేనూ రాసి ఫెడరల్ కోర్టులో ఇచ్చొచ్చా. ముద్ర కూడా కొట్టారు."

"నకలు కౌంటీ కోర్టులో ఇచ్చారా?"

"అక్కడెందుకు? కేసు అక్కడ లేదుగా."

"ఇవ్వాలి! ఇస్తేనే వాళ్ళు ఆగేది. లేకపోతే వాళ్ళ పని వాళ్ళు చేసుకుపోతారు."

"నువ్వు చెప్పలేదే."

"నేను ఇచ్చాను... చెప్పానుగా... చెప్పలేదా? మీ వాయిదా ఎప్పుడు?"

"అయిపోయింది. పోయిన వారం."

"వెళ్ళారా?"

"ఎందుకెళ్తాను? ముద్ర పడిందంటే ఇక ఆ కోర్టు గడప తొక్కక్కర్లేదని నువ్వేగా అన్నావు, ఆ కుర్చీలోనే కూర్చుని."

"దేవుడా! మీరు రాలేదని ఓనరు వైపే తీర్పిచ్చేసి ఉంటారు. మీ మంచం, మనవల బట్టలు, అన్నీ రోడ్డు మీద పారేస్తారు. లేవండి, కోర్టుకి పోదాం. తప్పు నాదని జడ్జితో నేను చెప్తా."

"కూర్చో. బూట్ల చప్పుడు."

"వచ్చేశారు. మీ తలుపే కొడతారిప్పుడు."

"లేదు. పైకి వెళ్తున్నారు."

"పైకా? పైన ఎవరు? అది హోరెస్ వాళ్ళ తలుపు కదూ?"

"ఊఁ."

"ఇప్పుడు కొడుతున్నది లోరెట్టాది! వాళ్ళనెందుకు? సిస్టర్, ఒక్క ఇంటికి నాలుగు బళ్ళు ఎందుకొచ్చాయి?"

"నా ఒక్క ఇంటికైతే ఒక్క బండి చాలును బిడ్డా. నువ్వు రాసినదాన్ని నకళ్ళు తీయించి, ముద్ర పడ్డ వారమే, ఆదివారం చర్చి అయ్యాక, ఈ మెట్లెక్కే ఇళ్ళవాళ్ళందరికీ, నువ్వన్న మాటతో సహా పంచాను. కోర్టుకి ఎవ్వరూ వెళ్ళలేదు."