తీసేసిన లైను

ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో జావా భాషలో రాసిన ప్రాజెక్టులన్నిటికీ, ప్రోగ్రామును తయారుచేసే సూచనలుండే బిల్డ్ ఫైలు ఒకటే పెట్టాలి, వాటిలో వాడే రెడీమేడ్ కోడ్ లైబ్రరీల వెర్షన్లు ఒకేలా చేయాలి, మిగతా తేడాలు తీసేయాలి. ఆ పనులన్నీ ముగించిన కొత్తమ్మాయి సాయంత్రం సీనియర్ బల్ల దగ్గరకు పరుగున వచ్చింది.

“అన్నా, ఆసుపత్రి ప్రాజెక్టులో ఒక లైబ్రరీని పాత వెర్షన్‌లోనే ఉంచే లైను తీసేశాను.”

“మందు మోతాదు లెక్కగట్టేదా? కొంప ముంచావు! కొత్త వెర్షను మోతాదులో దశాంశాలు వదిలేసి పై అంకెకు పెంచేస్తుంది. పసిపిల్లలకు ఆ ఒక్క చుక్క తేడా కూడా ప్రమాదమే. మార్చిన ప్రోగ్రాము ఆసుపత్రికి వెళ్లిపోయిందా?”

“మధ్యాహ్నమే వెళ్లిందన్నా. మా అక్క బిడ్డను ఇందాకే అక్కడి పసిపిల్లల వార్డులో చేర్చారు. భయమేసి నా మార్పులు మళ్లీ చూశాను.”

“ఉండు, ఫోన్ చేస్తున్నా... నర్సమ్మ ఎత్తింది. కొత్త లెక్కతో మందు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట, ఆపేస్తోంది. ఏడవకు తల్లీ, ఆ లైను తిరిగి పెట్టు.”

“ఆ లైను పెట్టినప్పుడే కారణం దాని పైన రాయలేదేం అన్నా?”

“నేనెప్పుడూ ఇక్కడే ఉంటాగా అనుకున్నా.”

ఆమె లైను తిరిగి పెట్టి, పైన కారణం రాసి, చివర ఇలా చేర్చింది: “దీన్ని తీసేముందు, ఇంకా పేరైనా పెట్టని మా అక్క బిడ్డను ఒక్కసారి గుర్తుచేసుకోండి.”