మూడో మాల

కొబ్బరికాయల వ్యాపారి చేతిలో కొడుక్కోసం కొన్న అయ్యప్ప మాల ఉంది. భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మళ్ళీ మాలేనా? రెండేళ్ళూ వేయించారు. దీక్షలో ఉన్నన్నాళ్ళూ మానాడు, మాల తీసిన రోజే గంజాయి ముట్టాడు."

"ఈసారి వాడితోపాటు నేనూ వేసుకుంటానే."

"మరి మీ షుగరుకి ఇన్సులిన్ ఎందుకండీ? మాలతోనే తగ్గించుకోవాల్సింది! వాడిదీ జబ్బే. రాజమండ్రి ఆస్పత్రిలో చేర్పిద్దాం."

"నోర్ముయ్! మార్కెట్లో తెలిస్తే తలెక్కడ పెట్టుకోను?"

"చేర్పించమని వాడే నా కాళ్ళు పట్టుకున్నాడు. మీకు చెప్పొద్దన్నాడు, చంపేస్తారని."

ఆయన మాలను భార్య చేతిలో పెట్టాడు. తర్వాత మూసి ఉన్న కొడుకు గదివైపు తిరిగి అరిచాడు.

"ఒరేయ్, బట్టలు సర్దుకో! ఆస్పత్రికి నేనూ వస్తున్నా."

ఆ పూట ఆయనకు మిగిలిన లాభమల్లా, లోపల గడియ తీసిన చప్పుడు.